నా పంపు పేరు చెప్పను

అంబాజీపేట,
ధనుర్మాసం

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లికి అక్క ఆశీర్వదించి రాయునది.

 

మొన్న ఆదివారం ఫోన్లో, "అక్కా, నీకు తేలిగ్గా ఉంటోందిగా, ఆయాసానికి నువ్వు వాడే పంపు పేరేంటో చెప్పు, రాజోలులో మందుల షాపు నుంచి నేనూ అదే తెప్పించుకుంటాను" అన్నావు. నేను మాట మార్చి పండక్కి ఎప్పుడొస్తున్నారని అడిగాను. నువ్వు నొచ్చుకున్నావని నీ గొంతులోనే తెలిసింది. మందు పేరు చెప్పడానికి కూడా అక్కకి మనసు రాలేదా అనుకుని ఉంటావు. పేరు ఇప్పుడూ చెప్పను. ఎందుకు చెప్పనో చెప్పాలంటే ఫోన్ చాలదు. ఏకబిగిన అంతసేపు మాట్లాడితే నాకు రొప్పు వస్తుంది, నీ దగ్గులో సగం మాటలు కొట్టుకుపోతాయి. అందుకే మనవడి నోటుపుస్తకంలో కాగితాలు చింపుకుని మూడు రోజులుగా కొంచెం కొంచెం రాస్తున్నాను. నువ్వూ ఒక్క విడతలో చదవక్కర్లేదు.

మనిద్దరం జన్మలో బీడీ ముట్టినవాళ్ళం కాదు. నాకు సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బని తేలిన రోజు, "అది చుట్టలు, బీడీలు కాల్చే మగవాళ్ళకి కదండీ వస్తుంది" అన్నాను డాక్టరుగారితో. ఆయన చీటీ మీంచి తలెత్తి, "చిన్నప్పటి నుంచీ వంట దేనిమీద చేశారమ్మా?" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నకి మన పాత వంటిల్లు కళ్ళముందు నిలబడింది. అమ్మ మంచం పట్టేనాటికి నాకు పదకొండు, నీకు ఏడు. శ్రావణ భాద్రపదాల్లో తడిసిన కొబ్బరి డొక్కలు ఎంతకీ అంటుకునేవి కావు. నేను పొయ్యి ముందు గొంతుకూర్చుని ఇనప గొట్టంతో ఊదేదాన్ని. నా బుగ్గలు నొప్పెడితే గొట్టం నువ్వు అందుకునేదానివి. ఊదిన ప్రతిసారీ మళ్ళీ గుండెల నిండా పీల్చాలి కదా, పీల్చింది ఆ పొగే. నీ కళ్ళు ఎర్రగా ఉబ్బిపోయి ఉంటే నా పరికిణీ చెంగుతో తుడిచేదాన్ని, గుర్తుందా? పెళ్ళిళ్ళయి నువ్వటు, నేనిటు వచ్చాం గానీ పొయ్యి మారలేదు. డొక్కలకీ, మట్టలకీ, ఈనెలకీ కోనసీమలో ఏ పెరట్లో కొరత? కొనక్కర్లేని వంటచెరుకని మురిసిపోయాం.

1999లో దీపం పథకం వచ్చాక మా వీధిలో చాలామంది ఆడవాళ్ళ ఇళ్ళలోకి గ్యాసు బండ వచ్చింది. తర్వాత 2016లో ఉజ్వల వచ్చింది. వంటింట్లో మసి పోయింది. మరి పెరట్లో నీళ్ళ కాగు సంగతేంటి? కిందటిసారి మీ ఇంటికొచ్చినప్పుడు చూశాను. గ్యాసు మీద కూర ఉడుకుతోంది, బయట మాత్రం అయిదుగురి స్నానాలకి కాగు కింద డొక్కల మంట. దాన్ని ఎగదోస్తున్నది నువ్వే. పొగ ఎటు తిరిగితే అటు మొహం తిప్పుకుంటూ, చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడ్డావు. ఏ మందు వేసుకున్నా ఆ మంట ఆగందే నీ ఊపిరి నిలవదు. ఈ ఉత్తరంలో ఇంకేదీ పాటించకపోయినా సరే, రేపు పొద్దున్నే ఆ కాగు బోర్లించెయ్. నీళ్ళు గ్యాసు మీద కాచండి, లేదా ఒక గీజరు పెట్టించమని మరిదిగారికి నా మాటగా చెప్పు. ఇంటాయనకి వేన్నీళ్ళు కావాలి, ఆ మంట దగ్గర నువ్వు ఊపిరి పోగొట్టుకోవాలి అంటే నేను ఒప్పుకోను.

ఇది నీ ఒక్కదానికే వచ్చిన కష్టం కాదు. 2016 నాటి అంచనాల్లో మన దేశంలో ఈ జబ్బున్నవాళ్ళు సుమారు 5 కోట్ల 50 లక్షల మంది. అందులో మనలాంటి పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్ళు కొల్లలు. ఎవరమూ బయటికి చెప్పుకోం. వయసు మీద పడింది, ఆయాసం రాదా అని సరిపెట్టుకుంటాం.

ఇది పూర్తిగా తగ్గిపోయే జబ్బు కాదు చెల్లీ. ఈ మాట నీకెవరూ సూటిగా చెప్పినట్టు లేదు. పాడైన ఊపిరితిత్తి మళ్ళీ చిగురించదు. అయితే ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు, దానితో హాయిగా తిరగనూ వచ్చు. లోపల జరిగేదేమిటో నాకు అర్థమైనట్టు చెబుతాను. మీ వైపు శంకరగుప్తం డ్రెయిన్ ఉందిగా. సముద్రం పోటు మీద ఉంటే అందులో నీళ్ళు కిందికి పోవు, వెనక్కి తన్ని కొబ్బరి తోటల్లో నిలిచిపోతాయి. మన ఛాతీలో గాలి పని కూడా అంతే. గొట్టాలు వాచి, సన్నబడి, కఫంతో పూడుకుపోయాక లోపలికెళ్ళిన గాలి పూర్తిగా బయటికి రాదు. పాత గాలి నిలవుంటే కొత్త గాలికి చోటెక్కడిది? నీకు గాలి అందడం లేదనిపిస్తుంది, అసలు చిక్కు వదలడంలో ఉంది. నీ చేత గొట్టంలోకి ఊదించిన పరీక్ష అందుకే. గుండెల నిండా పీల్చి బలమంతా పెట్టి ఊదితే, మొత్తం వచ్చిన గాలిలో మొదటి సెకనులోనే నూటికి 70 వంతులన్నా బయటికి రావాలి. మందు పీల్చాక చేసిన పరీక్షలో కూడా అంతకన్నా తక్కువొస్తే గొట్టాలు మూసుకుపోతున్నాయని లెక్క.

పీల్చే మందు బీరువాలో పెట్టి ఆయాసం వచ్చినప్పుడే తీస్తున్నావని మీ అమ్మాయి చెప్పింది. దాన్ని తిట్టకు, నీ మీద ప్రేమతో చెప్పింది. అక్కడే పొరపాటు పడుతున్నావు. మన మందులు రెండు రకాలు. ఒకటి ఆపదలో ఆదుకునేది, సాల్బుటమాల్ లాంటిది. నిమిషాల్లో పనిచేస్తుంది, నాలుగు నుంచి ఆరు గంటలుండి దిగిపోతుంది. రెండోది రోజూ వాడాల్సింది, పన్నెండు గంటలో ఇరవై నాలుగు గంటలో గొట్టాల్ని తెరిచి ఉంచేది. ఆయాసం ఉన్నా లేకపోయినా దీన్ని మానకూడదు. నువ్వు బీరువాలో దాచింది ఈ రోజువారీదైతే, ఆయాసం ముదిరాక తీసి పీల్చి "ఇది పనిచేయట్లేదు" అనడం న్యాయం కాదు. రెండు పెట్టెలూ ముందు పెట్టుకో, ఏది ఎప్పటిదో మీ అమ్మాయి చేత పెద్ద అక్షరాలతో రాయించి అంటించు.

పంపు అలవాటైపోతుందని, అది ఆఖరి మందని మీ తోటికోడలు భయపెట్టిందట. ఆవిడకి ఈ లెక్క చెప్పు. సాల్బుటమాల్ ఒక్క పఫ్‌లో ఉండేది 100 మైక్రోగ్రాములు. అదే మందు బిళ్ళగా మింగితే 4 మిల్లీగ్రాములు, అంటే నలభై పఫ్‌లంత. బిళ్ళ ఒళ్ళంతా తిరిగి ఊపిరితిత్తికి చేరాలి గనుక అంత మందు కావాలి. అందుకే చేతులు వణకడం, గుండె దడ. ఇంతకీ ఏది పెద్ద మందు? ఇక ఆయాసం వచ్చినప్పుడల్లా సూది వేయించుకుని రావడం మానెయ్. ఏం మందో తెలియకుండా పొడిపించుకునే స్టెరాయిడ్ సూదులు ఆ పూటకి ప్రాణం లేచొచ్చినట్టు చేస్తాయి, ఏళ్ళ తరబడి ఎముకల్ని గుల్ల చేస్తాయి, షుగరు పెంచుతాయి.

ఇప్పుడు నా కథ. ఇది మీ బావగారికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

నాకూ మొదట క్యాప్సూల్ వేసి పీల్చే గొట్టమే రాశారు, నీకు రాసినట్టే. ఎలా పీల్చాలో రాసిన డాక్టరు చూపించలేదు, అమ్మిన కుర్రాడు చూపించలేదు, నేను అడగలేదు. పాతికేళ్ళు బడిలో పిల్లల్ని "అర్థం కాకపోతే అడగండి" అన్నదాన్ని, నేను అడగలేదు. రెండేళ్ళు వాడాను. ఒక్క పూట మానలేదు. అయినా తల దువ్వుకుంటే ఆయాసం, తడిచీర పిండితే ఆయాసం. రెండుసార్లు ఆసుపత్రిలో పడుకున్నాను. రెండోసారి ఇంటికి పంపించే ముందు అక్కడి ఫిజియోథెరపీ అమ్మాయి, "మీ గొట్టం తీసి నా ముందు ఒకసారి పీల్చండమ్మా" అంది. పీల్చాను. తను గొట్టం విప్పి, రెండు ముక్కలైన క్యాప్సూల్‌ని నా అరచేతిలో దులిపింది. తెల్లటి పొడి. ముగ్గుపిండిలా మెత్తగా, చిటికెడు కూడా ఉండదు, కానీ ఉంది. గొట్టం లోపలి అంచుకి మరికొంత అంటుకుని గట్టిపడి ఉంది. "మందు ఇక్కడే ఉండిపోతోందమ్మా" అంది మెల్లగా. ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. నాకే ఏడుపు ఆగలేదు. పెన్షన్ డబ్బు పెట్టి కొన్న రెండేళ్ళ మందు.

తప్పు రెండుచోట్ల ఉంది. గొట్టం నోట్లో పెట్టగానే నేను ముందు ఊదుతున్నాను. పదకొండేళ్ళప్పుడు పొయ్యి దగ్గర పట్టుబడిన అలవాటు, గొట్టం పెదాలకి తగిలితే ఊదడమే. ఆ ఊపిరి తడికి పొడి ముద్ద కడుతోంది. నీదీ అదే పొయ్యి, అదే గొట్టం, అందుకే నీ గురించి నా భయం. రెండోది, నా లాగుడు చాలడం లేదు. పొడి మందు గొట్టంలో తోసే గ్యాసేమీ ఉండదు, మన ఊపిరే దాన్ని ఈడ్చుకెళ్ళాలి. ఒక్కసారిగా, గట్టిగా, లోతుగా లాగాలి. నేనేమో మల్లెపువ్వు వాసన చూసినట్టు పీలుస్తున్నాను.

పంపుది దీనికి పూర్తిగా ఎదురు. అందులో గ్యాసు మందుని చిమ్ముతుంది గనుక మనం నిదానంగా, నాలుగైదు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చాలి. గట్టిగా లాగితే మందంతా గొంతు వెనక గోడకి కొట్టుకుని అక్కడే ఉండిపోతుంది. నొక్కడమూ పీల్చడమూ ఒక్క క్షణంలో కుదరాలి. కీళ్ళవాతంతో నా వేళ్ళకి అది కుదరలేదు. అప్పుడు డాక్టరుగారు పంపు ముందు పెట్టుకునే డబ్బా ఇచ్చారు, స్పేసర్ అంటారు. మందు ముందు అందులోకి చేరి నిలుస్తుంది, మనం నెమ్మదిగా పీల్చుకోవచ్చు. తొందరలేదు. ఆ డబ్బా వచ్చాక నెలలోపే తేడా తెలిసింది. మందు కూడా మారిందనుకో, కానీ నా మట్టుకు నేను ఆ డబ్బాకే దణ్ణం పెడతాను.

అందుకే చెప్పనన్నాను. నాకు సరిపడింది నా వంకర వేళ్ళకీ, నా పలచటి ఊపిరికీ సరిపడింది. నువ్వు నాకన్నా నాలుగేళ్ళు చిన్నదానివి, నీ లాగుడు ఇంకా బలంగా ఉంటే నీకు క్యాప్సూలే మంచిదేమో. కొందరు డాక్టర్ల దగ్గర లాగుడు బలం కొలిచే చిన్న పరికరం ఉంటుంది. అమలాపురం కిమ్స్‌లోనో, కాకినాడ పెద్దాసుపత్రిలోనో ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించుకో. చూపించుకున్నప్పుడు మందు రాయించుకుని వచ్చెయ్యకు. "డాక్టరుగారూ, నేను పీలుస్తాను, చూడండి" అను. బయట ఎంతమంది వరసలో ఉన్నా సరే అను. తర్వాత వెళ్ళిన ప్రతిసారీ అను. చెయ్యి తిరిగిందనుకున్నాక కూడా మెల్లమెల్లగా తప్పులు చేరతాయి.

డాక్టరు క్యాప్సూలే ఉంచితే మన కోనసీమ గాలి గుర్తుపెట్టుకో. చుట్టూ కాలువలు, వెనక సముద్రం. ముసురు పట్టిన వారం అప్పడాలు మెత్తబడిపోయినట్టు ఆ పొడీ చెమ్మ పట్టేస్తుంది. క్యాప్సూల్ అట్టలోంచి వాడే నిమిషంలోనే తియ్యి, పొడిచేత్తో పట్టుకో, స్టీలు డబ్బాలో మూతపెట్టి పడగ్గదిలో ఉంచు. ఊపిరి పక్కకి తిరిగి వదిలేసి, అప్పుడు గొట్టం నోట్లో పెట్టి లాగు. తర్వాత విప్పి చూడు, పొడి మిగిలితే మళ్ళీ లాగు. పంపయితే బాగా ఊపి, ఒక్కసారికి ఒక్క నొక్కుడే. ఏదైనా సరే పీల్చాక పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టు. స్టెరాయిడ్ ఉన్న మందయితే నోరు పుక్కిలించి ఉమ్మెయ్యి, లేకపోతే నోటిపూత వస్తుంది. స్పేసర్‌ని సబ్బునీళ్ళలో కడిగి గుడ్డతో తుడవకుండా ఆరబెట్టాలి. తుడిస్తే ప్లాస్టిక్‌లో ఒకరకం కరెంటు పుట్టి మందుని గోడలకి లాగేస్తుందట.

బడి పంతులమ్మని గదా, ఒక కథ చెప్పనిస్తే గానీ వదలను. మన పెరటి గట్టు మీద తెల్ల ఉమ్మెత్త ఉండేది. తాతయ్య ఉబ్బసానికి దాని ఎండుటాకు పొగ పీల్చడం నాకు లీలగా గుర్తు. ఆ వైద్యాన్నే 1802లో ఒక సైన్యాధికారి మద్రాసు నుంచి ఇంగ్లండు పట్టుకెళ్ళాడు. ఉమ్మెత్త జాతి మొక్కల్లో ఉండే అట్రోపిన్ నుంచే తర్వాత ఇప్రాట్రోపియం, టయోట్రోపియం పుట్టాయి. ఇవాళ మనకి రాసే మందుల్లో అవి ముఖ్యమైనవి. ఉమ్మెత్త విషం, దాన్ని ముట్టుకోకు. కానీ "ఇంగ్లీషు మందు మన ఒంటికి పడదు" అన్నప్పుడు మాత్రం తాతయ్యని తలుచుకో. ఇక పంపు ఎలా పుట్టిందంటావా, అమెరికాలో ఒక మందుల కంపెనీ అధిపతి కూతురికి పదమూడేళ్ళు, ఉబ్బసం. గాజు బుడ్డికి రబ్బరు బంతి ఉండేది, అది పిసికి పిసికి మందు పీల్చాలి. విసుగెత్తి, జుట్టుకి కొట్టుకునే స్ప్రేలా మందుని డబ్బాలో ఎందుకు పెట్టరు నాన్నా అని 1955లో అడిగింది. మరుసటేడు పంపు అమ్మకానికి వచ్చింది. పిల్లలు అడిగిన ప్రశ్నని తోసిపుచ్చని ఆ తండ్రిని నేను ఎప్పుడూ మెచ్చుకుంటాను.

మృగశిర కార్తెకి హైదరాబాదు చేపమందుకి వెళ్దామని మరిదిగారు అంటున్నారట. నమ్మకాన్ని నేను కాదనను. అక్కడికి వెళ్ళేది ఎక్కువగా ఉబ్బసానికి, మనది వేరే జబ్బు, ఆ మందుతో ఇది తగ్గుతుందని రుజువు లేదు. అంత ఎండలో అంత జనంలో గంటలకొద్దీ నిలబడగలవా అని ఆలోచించు. వెళ్ళినా, దాన్ని నమ్ముకుని పీల్చే మందు పక్కన పడేస్తే మాత్రం నేను ఊరుకోను.

నలుగురిలో మందు పీల్చడానికి సిగ్గన్నావు. నాకూ ఉండేది. కిందటేడు వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్నాను. మొదటి శనివారం పంపు సంచిలోనే దాచి మూడో ప్రదక్షిణకి కూలబడ్డాను. తర్వాత వారం నుంచి నడక మొదలుపెట్టే ముందే అందరిముందూ తీసి డబ్బాతో పీల్చుకున్నాను. పక్కన కూర్చున్నావిడ కాసేపు చూసి, "మీకూ ఉందా అమ్మా" అంటూ తన జాకెట్లోంచి పంపు తీసింది. ఇద్దరం కలిసి ఏడు ప్రదక్షిణలూ తిరిగాం, ఆగుతూ ఆగుతూ.

నడక మానకు. ఆయాసం వస్తుందని కూర్చుండిపోతే కాళ్ళు నీరసించి ఆయాసం ఇంకా పెరుగుతుంది. కాలవ గట్టున రోజూ కొంచెం, మాట్లాడగలిగేంత నిదానంగా. రొప్పు వస్తే ఆగి, ముందుకి వంగి మోకాళ్ళ మీద చేతులానించి, ముక్కుతో పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా వదులు. వేడిపాల మీద మీగడ చెదరకుండా పక్కకి ఊదుతామే, అలా. పీల్చినదానికి రెట్టింపు సేపు వదలాలి. ఈ ఊదడం మాత్రం నీకు మంచిది. ఏటేటా ఫ్లూ టీకా, డాక్టరు చెప్పిన నిమోనియా టీకా వేయించుకో. కఫం రంగు మారినా, ఎక్కువైనా రెండు రోజులు చూద్దామనుకోకుండా వెళ్ళు. ఒక మాట పూర్తిగా అనలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలబడినా, మగతగా ఉన్నా 108కి ఫోన్ చెయ్యమని మీ అమ్మాయికి చెప్పి ఉంచు. ఎప్పుడైనా ఆక్సిజన్ పెడితే ఎక్కువ పెట్టమని పక్కవాళ్ళు తొందరపెట్టకూడదు. మన జబ్బుకి వేలికి పెట్టే మిషన్‌లో 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు, మించితే మనకే ప్రమాదం.

పండక్కి మీరంతా ముందే రండి. భోగి మంట దగ్గరికి మాత్రం మనిద్దరం వెళ్ళం. పిల్లలు వెళ్తారు, మనం లోపల కిటికీ తలుపులు వేసుకుని కూర్చుందాం. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి మరిదిగారు, మీ బావగారు వెళ్ళనీ, ఆ బాణసంచా పొగలోకి మనం వద్దు. ప్రభలు మా వీధి మీంచి వెళ్ళేటప్పుడు అరుగు మీంచి దణ్ణం పెట్టుకుందాం.

నీ గొట్టం, క్యాప్సూళ్ళు సంచిలో పైనే పెట్టుకో. బయల్దేరే రోజు పొద్దున పీల్చాక, వాడేసిన క్యాప్సూల్ ముక్కలు పారెయ్యకుండా కాగితంలో పొట్లం కట్టి తీసుకురా. మా మెట్ల మీద కూర్చుని ఇద్దరం విప్పి చూద్దాం.

నీ అక్క